వాసన పోతే విషం పోయినట్టేనా?

పిడుగులు పడ్డ రోజు గాలిలో ఒక ఘాటు వాసన తగులుతుంది, అది ఓజోన్ అనే వాయువుది, పీలిస్తే హానికరం. ప్లాస్మాతో (అంటే కరెంటు దెబ్బకి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువుతో) గాలిని శుభ్రం చేస్తామనే మెషీన్ దగ్గర అదే వాసన వస్తే చాలామంది గాలి తాజాగా ఉందని సంబరపడతారు. నాకు భయం వేసేది అక్కడే.

ప్లాస్మా గొప్పదే, కాదనను. కొద్ది మిల్లీమీటర్ల సందు, ఒక పక్క గాజు పొర, వేల వోల్టుల కరెంటు ఇస్తే చాలు, ఆ సందంతా ఊదారంగు మెరుపు పోగులతో నిండిపోతుంది. 1857లోనే జర్మన్ ఇంజనీర్ వెర్నర్ సీమెన్స్ ఓజోన్ తయారీకి ఇలాంటి గొట్టం చేశాడు. అందులో ఎలక్ట్రాన్లు విపరీతమైన శక్తితో ఉరుకుతాయి గానీ గాలి మాత్రం పెద్దగా వేడెక్కదు. ఆ దెబ్బకి ఆక్సిజన్, నీటి ఆవిరి చీలి, పుట్టిన రాడికల్స్ (దేనితోనైనా చటుక్కున కలిసే చురుకైన ముక్కలు) పెయింట్లలోని టొల్యూన్‌ని, ప్లైవుడ్ జిగురులోని ఫార్మాల్డిహైడ్‌ని ముక్కలు చేస్తాయి. అదే మంటతో కాల్చేయాలంటే 700 డిగ్రీలు దాటాలి.

కానీ ముక్కలయ్యాక ఏమయ్యాయి? టొల్యూన్ మీద కొంతసేపు ప్లాస్మా నడిపి గొట్టం విప్పి చూస్తే లోపల గోధుమరంగు జిగట పూత కనిపించవచ్చు, అంటే సగం విరిగిన ముక్కలే మళ్లీ అతుక్కుని గోడకి పట్టాయన్నమాట. ఇంకొన్ని కార్బన్ మోనాక్సైడ్‌గా బయటికి పోతాయి. వాటితో పాటు ఓజోన్, నైట్రోజన్ ఆక్సైడ్లు, అంటే ఒక కాలుష్యం తీసేసి ఇంకోటి పెట్టినట్టు.

క్యాటలిస్ట్ (తను ఖర్చవకుండా రసాయన చర్యని వేగం చేసే పదార్థం) అవసరం ఇక్కడే. ప్లాస్మా వెనకాల మాంగనీస్ ఆక్సైడ్ పెడితే అది ఓజోన్‌ని విరగ్గొట్టి, అందులోంచి వచ్చిన చురుకైన ఆక్సిజన్‌ని తన ఉపరితలం మీద పట్టుకుని, మిగిలిన ముక్కల్ని కార్బన్ డయాక్సైడ్, నీరు అయ్యేదాకా తీసుకెళ్తుంది. పీల్చకూడని ఓజోనే ఇక్కడ పనిముట్టవుతుంది, ఈ టెక్నాలజీలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. అయితే గాలిలో తేమ ఎక్కువైతే నీటి అణువులే ఆ చోటంతా ఆక్రమించుకుంటాయి, క్యాటలిస్ట్ మందగిస్తుంది.

కరెంటు లెక్క కూడా చూడాలి. లీటరు గాలికి 100 జౌళ్లు అనుకుంటే గంటకి 1000 ఘనపు మీటర్లు శుభ్రం చేయడానికి దాదాపు 28 కిలోవాట్లు కావాలి, కాలుష్యం అందులో ఎంత పల్చగా ఉన్నా సరే! అందుకే ముందు కాలుష్యాన్ని జియోలైట్ (సన్నని రంధ్రాలుండే ఖనిజం) మీద గంటల తరబడి పోగేసి, తర్వాత కాసేపు మాత్రమే ప్లాస్మా వెలిగించే పద్ధతి మీద నాకు ఎక్కువ నమ్మకం.

కొనేవాళ్లు "ఎంత శాతం తగ్గింది" అని అడిగి ఊరుకుంటున్నారు. తగ్గినదాంట్లో ఎంత కార్బన్ డయాక్సైడ్ అయింది, బయటికొచ్చే గాలిలో ఓజోన్ ఎంత, ఆ పరీక్ష పొడిగాలిలో చేశారా తేమగాలిలోనా అని కూడా అడగండి. కాలిఫోర్నియాలో ఇళ్లలో వాడే ఎయిర్ క్లీనర్ల ఓజోన్‌కి 0.050 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 0.050 భాగం) హద్దు పెట్టారు, అలాంటి అంకె రిపోర్టులో కనిపించకపోతే ఆ మెషీన్‌ని మూసి ఉన్న గదిలో పెట్టొద్దు.