బోటెక్కే సీసాకు లెక్కేదీ?

విశాఖ చేపలరేవులో మరబోటు వేటకు బయలుదేరే ముందు ఓ గంట జెట్టీ మీద నిలబడితే, లోపలికి ఎక్కే ప్రతి వస్తువుకూ లెక్క ఉన్నట్టు తెలుస్తుంది. పీపాల్లో డీజిలు, పొడిగొట్టిన ఐసు, బియ్యం బస్తా, మంచినీళ్ల డ్రమ్ములు, గ్యాసు సిలిండరు, చింతపండు, ఉల్లిపాయలు. అన్నీ యజమాని పద్దులోకి ఎక్కుతాయి. పది పదిహేను రోజుల తర్వాత బోటు తిరిగొచ్చి చేప అమ్ముడుపోయాక, ఆ ఖర్చులు తీసేసిన తర్వాతే బోటు నడిపే సరంగుకూ, అందులో పనిచేసే కలాసీలకూ వాటాలు తేలతాయి. ఏ పద్దులోనూ కనిపించనిది ఒక్కటే: కలాసీ బట్టల సంచిలో లుంగీ మడతల మధ్య వెళ్లే క్వార్టరు సీసా.

ఆ సీసా ఖరీదు ఎంతవుతుందో 2023 నవంబరు 19న చూశాం. ఆ ఆదివారం రాత్రి ఊరంతా ప్రపంచకప్ ఫైనల్లో భారత్ ఓటమి గురించి వాపోతుండగా రేవులో మంటలు లేచాయి. ఒకదాన్నొకటి ఆనుకుని కట్టిన బోట్లు, కొన్నింటి ట్యాంకుల్లో నిండా డీజిలు, వంట సిలిండర్ల పేలుళ్లు. తెల్లారేసరికి నలభైకి పైగా బోట్లు కొన్ని బూడిదగా, కొన్ని సగం బొగ్గుగా మిగిలాయి. ఒక బోటులో ఇద్దరు కూర్చుని మద్యం తాగారనీ, వారు విసిరిన సిగరెట్టు పక్క బోటులోని నైలాను వల మీద పడిందనీ పోలీసులు తేల్చారు. బోటు విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. పరిహారం గురించి మాట్లాడినంతగా సీసా గురించి ఎవరూ మాట్లాడలేదు.

మాట్లాడదామన్నా చేతికి అందే చట్టం ఏది? రోడ్డు మీద లారీ డ్రైవరుకు లెక్క స్పష్టంగా ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. ఎనిమిది మందిని ఎక్కించుకుని చీకట్లో నౌకల దారికి అడ్డంగా పోయే మరబోటు సరంగు దగ్గరికి వచ్చేసరికి ఈ స్పష్టత మాయమవుతుంది. రాష్ట్రంలో సముద్రపు చేపల వేటను నియంత్రించే 1994 నాటి చట్టం లైసెన్సులనూ, వలలనూ, ఎవరు ఎంత దూరంలో వేటాడాలన్న దాన్నీ చూసుకోవడానికి పుట్టింది. సరంగు ఊపిరిలో ఏముందో చూడటం దాని పనిగా ఎవరూ అనుకోలేదు. ప్రాణాలకు ముప్పు తెచ్చేలా పడవ నడిపితే భారతీయ న్యాయ సంహిత 282వ సెక్షన్ ఉంది. అది అక్కరకొచ్చేది సాధారణంగా ప్రమాదం జరిగిపోయాకే. తాగి బహిరంగ స్థలంలో అల్లరి చేస్తే 355వ సెక్షన్ ప్రకారం ఇరవై నాలుగు గంటల ఖైదు, వెయ్యి రూపాయల జరిమానా, కాదంటే సమాజ సేవ. పాత శిక్షాస్మృతిలో ఈ తప్పుకు జరిమానా పది రూపాయలు! ఒడ్డుకు ముప్పై మైళ్ల అవతల బహిరంగ స్థలం అంటే ఏమిటో చేపలే చెప్పాలి.

ఎక్సైజు చట్టం ఉంది కదా అనవచ్చు. ఆ చట్టం మనిషిని లెక్కపెడుతుంది, బోటును కాదు. ఒకరి దగ్గర ఎన్ని సీసాలు ఉండవచ్చో చెప్పే పరిమితిని మన రాష్ట్రంలో 2019లో మూడుకు కుదించారు. ఆ కఠినమైన లెక్కనే పట్టుకున్నా, ఎనిమిది మంది ఎక్కిన బోటులో ఇరవై నాలుగు ఫుల్ బాటిళ్లు చట్టబద్ధంగా ప్రయాణం చేయవచ్చు. 99 రూపాయలకే క్వార్టరు దొరికేలా 2024లో కొత్త మద్యం విధానం వచ్చాక ఆ సంచి నింపుకోవడం కష్టమూ కాదు.

అంతర్జాతీయంగానైనా దారి దొరుకుతుందా అంటే అక్కడా చేపల బోటును గుమ్మం బయటే నిలబెట్టారు. సరుకు నౌకల కెప్టెన్లకూ అధికారులకూ 0.05 శాతం పరిమితి పెట్టిన నావికుల శిక్షణ ఒప్పందం, చేపల పడవల మీద పనిచేసేవారు తన పరిధిలోకి రారని ముందే చెప్పేసింది. బ్రిటన్ మాత్రం 2003లో చేసిన చట్టంతో వృత్తి నావికులందరినీ, చేపల పడవలవారితో సహా, మద్యం పరీక్ష కిందికి తెచ్చింది.

బ్రిటన్‌కు ఈ తెలివి ఊరకే రాలేదు. పందొమ్మిదో శతాబ్దం చివర ఉత్తర సముద్రంలో వారాల తరబడి వేటాడే పడవల మధ్య కోపర్లు అనే తేలియాడే సారా దుకాణాలు తిరిగేవి. చవక పొగాకు ఎర వేసి బెస్తలను పిలిచేవి, ఎక్కాక జిన్ను పోసేవి. చేతిలో డబ్బు లేకపోతే చేపలు తీసుకునేవి. చేపలు అయిపోతే వలలు, తాళ్లు కూడా తీసుకునేవి. యజమాని వల సీసాలోకి దిగిపోయేది. 1887లో బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్, బెల్జియం, డెన్మార్క్, నెదర్లాండ్స్ హేగ్‌లో కూర్చుని, చేపల పడవల వారికి సముద్రం మీద సారా అమ్మడాన్నీ, చేపకో వలకో మార్చుకోవడాన్నీ నిషేధించే ఒప్పందం రాసుకున్నాయి. కొనడాన్నీ తప్పన్నాయి గానీ, ఒప్పందం బరువంతా అమ్మేవాడి మీదే పడింది. అంతకు ముందే బెస్తల కోసం పుట్టిన ఒక మత సేవా సంఘం మరో పని చేసింది. తన పడవల్లో కోపర్ల కంటే చవగ్గా పొగాకు అమ్మింది. ఎర పోయాక గాలానికి పని తగ్గింది. మన ఎక్సైజు అధికారులు ఈ రెండో ముచ్చట కాస్త శ్రద్ధగా చదవాలని మా మనవి.

పూర్తి నిషేధమే మందు అనేవారికి జవాబు శ్రీకాకుళం, విజయనగరం తీరపు ఊళ్లలోనే ఉంది. అక్కడి నుంచి వేల మంది గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లి బోట్లలో పనిచేస్తారు. 2018 నవంబరులో పాకిస్థాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చిన ఇరవై మంది అలా వెళ్లినవారే. గుజరాత్ 1960లో పుట్టిన నాటి నుంచీ మద్యనిషేధ రాష్ట్రం. దాని తీరాన్నే ఆనుకుని కేంద్రపాలిత డయ్యూ, డామన్ ఉన్నాయి, అక్కడ మద్యం దొరుకుతుంది. మనకూ ఈ కథ కొత్త కాదు. 1995లో ఇక్కడ నిషేధం పెట్టినప్పుడు గోదావరి ఒడ్డున పుదుచ్చేరి ఏలుబడిలోని యానాం ఎంత కళకళలాడిందో తూర్పు గోదావరి పెద్దలను అడగండి.

కాబట్టి మేము కోరేది నిషేధం కాదు, బోటుకో లెక్క. రాష్ట్ర చట్టం చెల్లేది తీరం నుంచి పన్నెండు నాటికల్ మైళ్ల వరకే. అక్కడి నుంచి కేంద్రం పరిధి, ఆపైన ఎవరి పరిధీ కానంత దూరం. మన మరబోట్లు ఆ గీత దాటే వేటాడతాయి. నడిసముద్రంలో ఊపిరి పరీక్ష చేసే దిక్కు లేదు కాబట్టి పట్టుకోవలసిన చోటు జెట్టీయే. బయలుదేరే బోటు వివరాలు రాసుకునే దగ్గరే సరంగూ ఇంజిను డ్రైవరూ ఊపిరి ఊదాలి, పరిమితి లారీ డ్రైవరుకున్నదే ఉండాలి. వేటకు వెళ్లే బోటులో మద్యం ఉండకూడదన్నది లైసెన్సు షరతు కావాలి. తప్పితే లైసెన్సు ఆగేది బోటుకు, అంటే యజమానికి. బయలుదేరే రోజు సీసాకు డబ్బిచ్చి పంపే యజమాని ఎవరైనా ఉంటే అప్పుడు రెండుసార్లు ఆలోచిస్తాడు. రేవులో రాత్రి కట్టి ఉన్న బోట్ల మీద తాగుడు, పొగ, వంట మూడూ ఆగాలి. దానికి బదులుగా జెట్టీ మీద కలాసీలు కూర్చుని తినడానికి, పడుకోవడానికి ఒక షెడ్డు కట్టాలి. షెడ్డు కట్టకుండా లాఠీ పంపితే మేము సమర్థించం.

ఇంకొకటి. తాగకుండా సముద్రం మీద ఉండలేరన్న మాట ఒడ్డున కూర్చున్నవాళ్లే ఎక్కువగా అంటారు. రాత్రి రెండింటికి లేపితే లేచి, తడి డెక్కు మీద జారుతూ, వల లాగే యంత్రమైన వించికి చుట్టుకునే ఇనుపతాడు పక్కన చేతులు పెట్టేవాడికి తూలితే ఏమవుతుందో తెలియదా? సీసా వేడినిచ్చినట్టే ఉంటుంది, నిజానికి ఒంట్లోని వేడిని బయటికి పంపేస్తుంది. అయినా తాగుతున్నాడంటే నిద్ర లేదు, నడుము నొప్పి, ఇంజిను మోత ఆగదు. 2017లో అమల్లోకి వచ్చిన చేపల పని ఒప్పందం, మూడు రోజులకు మించి సముద్రం మీద ఉండే బోట్లలో రోజుకు కనీసం పది గంటల విశ్రాంతి ఉండాలంటుంది. మన దేశం దానికి ఆమోదముద్ర వేయలేదు. సీసాలు లెక్కపెట్టే ప్రభుత్వం నిద్ర గంటలను కూడా లెక్కపెట్టాలి.

ఇంటివాళ్లకు చెప్పవలసిన సంగతి కూడా ఒకటుంది. ప్రమాద బీమా పాలసీల్లో మత్తులో జరిగిన మరణానికి సొమ్ము రాదన్న షరతు మామూలే. మత్స్యకారులకు కేంద్ర పథకం కింద ఉన్న బీమా ఐదు లక్షలు. నీళ్లలో పడినవాడు తాగి ఉన్నాడా లేదా అన్న వాదులాట మొదలైతే ఆ ఐదు లక్షల కోసం ఆఫీసుల చుట్టూ తిరగవలసింది అతని భార్య.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు వేట ఆగుతుంది. బోట్లన్నీ రేవులోనే ఉంటాయి. సరంగులు, కలాసీలు, యజమానులు జెట్టీ మీదే వలలు బాగుచేసుకుంటూ, పలకలకు రంగులు వేసుకుంటూ దొరుకుతారు. మత్స్యశాఖ వాళ్లతో కూర్చుని ఈ షరతులు రాయించడానికి అంతకంటే అనువైన సమయం ఏడాదిలో మరొకటి లేదు. రాసినవి తెలుగులోనూ, ఒడియా కలాసీల కోసం ఒడియాలోనూ, వేట మళ్లీ మొదలయ్యే ఆ అర్ధరాత్రికి ముందే జెట్టీ గోడ మీద ఉండాలి.