ఇంటి బర్గర్‌కి ఒక బోర్డు కావాలండీ

పొగాకుకి 1976 నుంచి బోర్డు ఉంది, దాని హెడ్డాఫీసు మన గుంటూరులోనే. మిర్చికి యార్డు ఉంది. ఏ పైరు ఎప్పుడు వేయాలో చెప్పడానికి లాం ఫారం ఉంది. కానీ బ్రాడీపేట నుంచి గోరంట్ల దాకా ఆదివారం వస్తే వంటిళ్ళలో బర్గర్ పేరు చెప్పి జరిగేదాన్ని మాత్రం అడిగే నాథుడు లేడు. కొత్తగా ఏమీ కోరట్లేదు, పక్క రాష్ట్రం తెలంగాణలో 2024లో పచ్చిగుడ్డు మయోనైజ్‌ని ఏడాది పాటు బ్యాన్ చేశారు, మయోనైజ్ మీద ఆర్డర్ ఇవ్వగా లేనిది దాని కింద ఉండే పాటీ మీద, అంటే బన్ను మధ్యలో పెట్టే కైమా బిళ్ళ మీద ఇస్తే తప్పేంటని నా పాయింటు.

అసలు గొడవ ఏంటంటే బర్గర్ అనేది చేతులు కట్టుకుని చేయాల్సిన వంట. కైమాని పిసక్కూడదు, ఊరికే ముద్ద చేసి వదిలేయాలి. ఉప్పు ముందే కలపకూడదు, కలిపితే మాంసంలో ప్రొటీన్ కరిగి అతుక్కుపోయి పాటీ రబ్బరులా సాగుద్ది, పెనం మీద వేసే ముందు పైన చల్లితే చాలు. నూటికి ఇరవై పాళ్ళు కొవ్వుండాలి, అదే కరిగి లోపల తడి ఉంచేది. అమెరికా వాళ్ళు బీఫ్‌కి రాసుకున్న రూల్సే గానీ మటన్‌కీ అంతే. ఇప్పుడు చెప్పండి, గుంటూరు జిల్లాలో పుట్టిన మనిషి ఒక వంటకాన్ని దాని మానాన దాన్ని వదిలేయటం ఎక్కడన్నా చూశారా?

మటన్ కొట్టు దగ్గరే మొదలవుద్ది. "కాస్త కొవ్వుతో కొట్టన్నా కైమా" అంటే ఆయన కత్తి ఆపి మనవైపు జాలిగా చూస్తాడు. "కొవ్వెందుకు సార్, మీకు మంచి కండ ఇస్తాగా" అని ఉన్న కాస్తా కోసి పక్కన పడేస్తాడు, పైగా మనకేదో మేలు చేసినట్టు మొహం. ఆ ఎండు కైమా ఇంటికొచ్చాక అత్తయ్య వాసన చూసి, అల్లం వెల్లుల్లి లేకుండా నీచు ఎట్టా తింటార్రా అని రెండు స్పూన్లు దట్టించి, పసుపేసి, కారమేసి, కుక్కర్లో మూడు కూతలు రానిచ్చి, నీళ్ళు ఇగరబెట్టి, ఆనక పుట్నాలపప్పు పొడి కలిపి ముద్ద చేసుద్ది. న్యాయంగా ఒక మాట చెప్పాలి, కైమా లోపల 71 డిగ్రీలు వచ్చేదాకా ఉడకాలని అమెరికా ప్రభుత్వమే చెప్తది, మన ఇళ్ళలో థర్మామీటర్ జ్వరానికి తప్ప బయటికి రాదు కాబట్టి ఆ మూడు కూతల వల్ల ఆరోగ్యానికి ఢోకా లేదు. ఢోకా అంతా బర్గర్‌కే.

తర్వాత పెనం. పాటీ బాగా కాలిన ఇనప పెనం మీద పడగానే ఒక్కసారి గట్టిగా అదిమి ఇక ముట్టుకోకపోతే, 140 డిగ్రీలు దాటాక అడుగున ఎర్రటి పొర కడుద్ది, రుచంతా దాంట్లోనే. అంత మంచి పెనం ఇంట్లో ఒక్కటే ఉంటది, అది దోశలది. "దోశల పెనం మీద నీచేందిరా" అన్నాక ఇక సుప్రీంకోర్టుకి పోయినా లాభం లేదు. నాన్‌స్టిక్ ప్యానే గతి, అది కూడా మాడిపోద్దేమోనని దారిన పోయే ప్రతివాళ్ళూ అట్లకాడతో తిరగేసి పోతుంటారు.

బన్నుల గురించి ఎక్కువ చెప్పను. బేకరీలో అడిగితే టూటీఫ్రూటీ ఉన్నదా లేనిదా అంటాడు, అంతే ఛాయిస్.

ఇక వెరైటీలు. 1996లో మెక్‌డొనాల్డ్స్ ఢిల్లీలో షాపు తెరిచినప్పుడు బీఫ్ పక్కనపెట్టి మటన్‌తో మహారాజా మాక్ అమ్మింది, ఆనక ఆలూ టిక్కీ దాకా వచ్చింది. అంత పెద్ద కంపెనీయే వంగినప్పుడు మనకేంటని మా బెజవాడ బాబాయ్ వాదన, ఆయన బన్నులో నాలుగు పునుగులు పెట్టి అల్లం చట్నీ పోసి వెజ్ బర్గర్ అంటాడు. మా వైపు గోంగూర పచ్చడి సాసు, ఆవకాయ నూనె కలిపిన మయోనైజ్, మధ్యలో నిలువుగా చీల్చిన మిర్చి బజ్జీ. నిజం చెప్పాలంటే ఆవకాయ మయోనైజ్ బ్రహ్మాండంగా ఉంటది, బోర్డు వచ్చాక కూడా దాని జోలికి రాకూడదని నా మనవి. కానీ పెదనాన్న బన్ను పక్కన పెట్టేసి పాటీ ఒక్కటే తీసి పప్పన్నంలో నంజుకున్నాడే, దానికి మాత్రం జరిమానా పడాలి.

ఇంకోటి, పాటీ ఉబ్బకుండా మధ్యలో బొటనవేలితో గుంట నొక్కాలని ఫారిన్ వాళ్ళ రూలు. ఈ ఒక్క విషయంలో మనవాళ్ళకి ట్రైనింగ్ అక్కర్లేదు. అత్తయ్యకి గుంట అని చెప్పానంతే, గారెల చెయ్యి కదా, వేలు అవతలకి వచ్చేసింది.