ఫ్యూజు కాపాడేది వైరును, ట్రాన్సిస్టరును కాదు

ఔట్‌పుట్ షార్ట్ అయినా ఫ్యూజు ఉంది కదా అన్న ధీమా పవర్ సర్క్యూట్ల తయారీలో ఇంకా కనిపిస్తూనే ఉంది. ఫ్యూజు తీగ వేడెక్కి కరగడానికి సాధారణంగా మిల్లీసెకన్లు పడుతుంది. ఆలోగా ట్రాన్సిస్టరులోని సిలికాన్ ముక్క మాడిపోగలదు. వైర్లు కాలకుండా, మంటలు రాకుండా ఫ్యూజు ఉండాల్సిందే గానీ, ట్రాన్సిస్టరును కాపాడే పనిని వేరే ఏర్పాటుకే అప్పగించాలి.

లోడుకు వెళ్లే దారిలో ఒక పెద్ద ట్రాన్సిస్టరును పెట్టి ఔట్‌పుట్ వోల్టేజీని నిలకడగా ఉంచే సీరీస్ రెగ్యులేటరులో ఆ ఏర్పాటు చాలా సులువు. కరెంటు దారిలో అర ఓము రెసిస్టరు పెట్టి, దాని రెండు కొసలను ఒక చిన్న ట్రాన్సిస్టరు బేస్, ఎమిటర్లకు కలిపితే, కరెంటు 1.3 ఆంపియర్లకు చేరగానే అక్కడ 0.65 వోల్టులు ఏర్పడి, చిన్న ట్రాన్సిస్టరు ఆన్ అయి, పెద్దదాని బేస్ కరెంటును మళ్లించేస్తుంది. అయితే కరెంటుకు కళ్లెం వేశాం కాబట్టి పని పూర్తయిందనుకోవడంలోనే అసలు చిక్కు ఉంది. ఇన్‌పుట్ 20 వోల్టులు, ఔట్‌పుట్ 12 వోల్టులు, లోడు 1 ఆంపియరు అయితే ట్రాన్సిస్టరులో వేడిగా మారేది దాదాపు 8 వాట్లు. షార్ట్ అయినప్పుడు ఇన్‌పుట్ వోల్టేజీ దాదాపు మొత్తం దాని మీదే పడి, 1.3 ఆంపియర్ల పరిమితి దగ్గర ఆ వేడి సుమారు 26 వాట్లు అవుతుంది. ఎనిమిది వాట్లకు లెక్కగట్టి బిగించిన హీట్ సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు భాగం) దీన్ని ఎంతోసేపు తట్టుకోలేదు.

ఔట్‌పుట్ వోల్టేజీ పడిపోయేకొద్దీ కరెంటు పరిమితినీ తగ్గించే ఫోల్డ్‌బ్యాక్ పద్ధతి ఈ వేడిని అదుపు చేస్తుంది. కానీ మోటారు, పెద్ద కెపాసిటర్ వంటి లోడ్లు మొదట్లోనే ఎక్కువ కరెంటు లాగుతాయి కాబట్టి సర్క్యూట్ అసలు స్టార్ట్ కాకుండా మొరాయించవచ్చు. అందుకే లోడు స్వభావం ముందుగా తెలియనప్పుడు, కొద్దిసేపు పరిమితిలో ఉంచి, ఆపైన పూర్తిగా ఆపేసి, కాస్త విరామం తర్వాత మళ్లీ ప్రయత్నించే పద్ధతే మేలని నా అభిప్రాయం.

ఇన్వర్టర్లలో భారీ కరెంటును ఆన్, ఆఫ్ చేసే ఐజీబీటీ అనే ట్రాన్సిస్టర్ల విషయంలో గడువు మరీ తక్కువ. షార్ట్‌ను 10 మైక్రోసెకన్ల పాటు తట్టుకునేలా తయారైనవి ఉన్నాయి గానీ, అదే పని చేసే మరో రకం ట్రాన్సిస్టర్లు, సిలికాన్ కార్బైడ్ మాస్‌ఫెట్లు, చాలావరకు రెండు మూడు మైక్రోసెకన్లకు మించి ఓర్చుకోలేవు. ఐజీబీటీ ఆన్‌లో ఉండగా దాని కలెక్టర్-ఎమిటర్ వోల్టేజీ అనూహ్యంగా పెరగడాన్ని బట్టి, దాన్ని నడిపే డ్రైవర్ సర్క్యూట్ షార్ట్‌ను పసిగడుతుంది. పసిగట్టాక ఒక్కసారిగా ఆపేయడమూ ప్రమాదమే: 1000 ఆంపియర్ల కరెంటు 0.1 మైక్రోసెకనులో ఆగిపోతే, దారిలో ఉన్న 50 నానోహెన్రీల ఇండక్టెన్స్ (కరెంటు మార్పును ఎదిరించే గుణం) వల్ల సప్లై వోల్టేజీకి తోడు మరో 500 వోల్టులు పుట్టుకొస్తాయి. అందుకే ఆన్, ఆఫ్‌లను శాసించే గేట్ వోల్టేజీని మెల్లగా దించాలి.

చల్లగా ఉన్న బోర్డును క్షణకాలం షార్ట్ చేసి, బాగానే ఉందని ముద్ర వేయడం పరీక్ష అనిపించుకోదు. ఇన్‌పుట్ గరిష్ఠ వోల్టేజీలో ఉండగా, హీట్ సింక్ పూర్తిగా వేడెక్కాక షార్ట్ చేసి, ఉష్ణోగ్రత నిలకడకు వచ్చేదాకా అలాగే ఉంచి చూడాలి.