సవరణ: అపెండిక్స్‌కు ఆపరేషన్ లేని వైద్యం

అపెండిసైటిస్ (పేగుకు అంటుకుని ఉండే చిన్న తోకలాంటి అపెండిక్స్ వాచే జబ్బు) గురించి మొన్న రాస్తూ "యాంటీబయాటిక్స్ వాడితే నూటికి 73 మందికి ఇక ఆపరేషన్ అవసరమే రాదు" అన్నాను. అది తప్పు. ఫిన్లాండ్‌లో 530 మందితో జరిగిన అప్పాక్ అధ్యయనంలో ఆ లెక్క మొదటి ఏడాదికి మాత్రమే. మందులతో మొదలుపెట్టినవాళ్లలో ఐదేళ్లు గడిచేసరికి నూటికి 39 మందికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. "ఇక రాదు" అనే మాట నేను రాయకూడదు. క్షమించండి.

ఇంకో సంగతి అసలు చెప్పనే లేదు, నా దృష్టిలో అదే పెద్ద లోపం. ఆ అధ్యయనానికి 18 నుంచి 60 ఏళ్లవాళ్లనే, అదీ అపెండిక్స్ పగలలేదని, లోపల రాయి లేదని సీటీ స్కాన్‌లో తేలినవాళ్లనే తీసుకున్నారు. మలం గట్టిపడి తయారయ్యే ఆ రాయి ఉంటే కథ మారిపోతుంది. 2020లో వెలువడిన అమెరికా కోడా అధ్యయనంలో, మందులు వాడినవాళ్లలో రాయి ఉన్నవారికి నూటికి 41 మందికి 90 రోజుల్లోపే ఆపరేషన్ అయింది. రాయి లేనివారిలో 25 మందికి.

"అయితే ఇంట్లోనే మాత్రలు వేసుకోవచ్చా?" అని ఒకరు అడిగారు. వద్దండీ. ఫిన్లాండ్‌లో కూడా మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి, నరంలోకి మందు ఎక్కించాకే మాత్రలకు మారారు. మనవాళ్లు ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి అనే ఈ జబ్బుకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు సరిపోవు.