మహారాజశ్రీ సర్వీసు రిజిస్టరు గారి దివ్య సముఖమునకు

అయ్యా,

ప్రభుత్వోద్యోగి కొలువు లెక్కంతా మోసే పుస్తకమైన తమరు ఈ మధ్యాహ్నం బీరువాలో లేరు. తాళాలున్న సీనియర్ అసిస్టెంటు ట్రెజరీకి పోయినాడు. ఆయన వచ్చేసరికి సూపరింటెండెంటు కలెక్టరేటుకు పోయినాడు. ఇద్దరూ కుర్చీల్లో ఉన్న శుభఘడియలో తమరు టేబులు కింద, ఇంకెవరివో పెన్షన్ ఫైళ్ల కట్టకు ఆసరాగా దొరికినారు. సంతోషం. తెరిస్తే 1-4-2009 నుంచి 31-3-2010 దాకా ‘పే బిల్లులతో సరిచూసి సర్వీసు వెరిఫై చేయడమైనది’ అన్న ముక్క లేదు. ముందు ఏడాదికి ఉంది, తర్వాతి ఏడాదికీ ఉంది. మధ్యలో తమరు మౌనవ్రతం పట్టినారు.

ఆ మౌనం ఖరీదెంతో తమరికి తెలియదనుకోను. స్వచ్ఛంద విరమణ తీసుకోవాలా, 62 ఏళ్ల వయసు దాకా ఈడ్చాలా అని తూకమేసే పాత పెన్షన్ మనిషికి తమరి నుంచి కావలసింది ఒకే అంకె: పెన్షన్‌కు లెక్కకొచ్చే అర్హత సర్వీసు ఎన్ని అర్ధ సంవత్సరాలని. చివరి మూలవేతనంలో సగం తీసుకుని 66తో (పూర్తి పెన్షన్‌కు కావలసిన 33 ఏళ్లంటే 66 అర్ధ సంవత్సరాలు) భాగించి ఆ అంకెతో గుణిస్తే పెన్షన్. మూలవేతనం 80,000 అయితే సగం 40,000, ఒక్కో అర్ధ సంవత్సరానికి 606 రూపాయలు. వెరిఫై కాక ఒక ఏడాది ఎగిరిపోతే నెలకు 1,212, దానిమీద వచ్చే కరువు భత్యం వేరే, బతికినన్నాళ్లూ. గ్రాట్యుటీలో అర్ధ సంవత్సరానికి నెల జీతంలో నాలుగో వంతు చొప్పున ఇంకో అరనెల పోతుంది. ఇంతా పోయేది ఆనాటి గుమాస్తా ఏప్రిల్ నెలలో ఒక వాక్యం రాసి ఆఫీసరు ముందు పెట్టలేదని!

ఇందులో తమరి న్యాయం మరీ ముచ్చటైంది. చిన్న వయసులో చేరి 62 దాకా ఉండేవాడికి ఏడాది, రెండేళ్లు పోయినా 33 ఏళ్లు నిండుతాయి. తమరి ఖాళీ పేజీ అతన్నేం చేయలేదు. మోకాళ్లు అరిగి ముందుగా పోదామనుకునేవాడి మీదనే తమరి ప్రతాపమంతా. స్వచ్ఛంద విరమణకు 20 ఏళ్ల అర్హత సర్వీసు ఉండాలి, మూడు నెలల నోటీసివ్వాలి. నోటీసిచ్చినాక 19 ఏళ్ల 10 నెలలే తేలిందనుకో, ఇల్లూ ఆఫీసూ రెండూ కాకుండా పోతాడు. నోటీసుకు ముందే వెరిఫై అయిన సర్వీసెంతో రాతపూర్వకంగా అడిగి తీసుకోమని పాతవాళ్లు చెప్పేది అందుకే. నోటి మాటగా ‘ఉంటాదిలే సార్’ అన్నది పెన్షన్ పేపర్లకు జతకాదు.

సరే, ఖాళీని పూడ్చుకుందామా? ఆ ఏడాది జీతమిచ్చిన ఆఫీసులో బిల్లులు డ్రా చేసే అధికారికి, అదే డీడీఓకు, అర్జీ పెట్టాలి. వాళ్లు పే బిల్లుల ఆఫీసు కాపీలు, జీతం ముట్టిందని సంతకాలు చేసే అక్విటెన్సు రోలు వెతకాలి. లేకుంటే ట్రెజరీలో ఓచరు నంబరు, తేదీ పట్టుకోవాలి. ఆ ఏడాది జీపీఎఫ్ (భవిష్యనిధి) స్లిప్పులో పన్నెండు నెలల చందా కనిపిస్తే అదొక ఆధారం, దాన్నీ జతచేయాలి. వినడానికి బాగుంది కదా. అయితే 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీలినాయి. కదిరి పుట్టపర్తి కిందికి పోయింది, డోన్ నంద్యాల కిందికి పోయింది. పాత బిల్లులు కొత్త జిల్లాకు పంపినామని వీళ్లు, మాకు చేరలేదని వాళ్లు. మధ్యలో బస్సు చార్జీలు మాత్రం చేరుతున్నాయి ఆర్టీసీకి.

తమరి మిగతా లీలలు చెప్పాలంటే ఈ కాగితం చాలదు. పోస్టింగు కోసం ఎదురుచూసిన కంపల్సరీ వెయిటింగు రోజులను డ్యూటీగా పరిగణించే ఉత్తర్వు తమరిలో ఎక్కదు. 2013 సమైక్యాంధ్ర సమ్మె రోజుల సంగతీ అంతే, ఉత్తర్వు నంబరు వెతికి రాయించుకోవాలి. 2005, 2010, 2015 పీఆర్సీల్లో (వేతన సవరణల్లో) ఎవరో జీతంలో ఒక మెట్టు ఎక్కువ వేసింటే, అది తమరికి సరిగ్గా పెన్షన్ రోజునే గుర్తొస్తుంది. గ్రూప్ సీ, డీ ఉద్యోగుల దగ్గర, రిటైరైనవాళ్ల దగ్గర అట్లా ఎక్కువిచ్చింది వెనక్కి లాగే రికవరీ కూడదని సుప్రీంకోర్టు 2014లో రఫీక్ మసీహ్ కేసులో చెప్పింది. ఆ తీర్పు కాపీ జేబులో పెట్టుకునే రావాలి. విరమణ వయసునేమో 58 అని రాసి, 60 అని కొట్టి, 62 అని దిద్దినారు. ఆ ఎర్రసిరా మాత్రం ఎప్పుడూ ఎండదు.

ఇంకో మనవి. పూర్తిగా మానేయడం వద్దు, సగం పూట పని, సగం జీతం చాలు అనేవాళ్లకు తమరిలో గడే లేదు. ఉంటే నిండుగా ఉండు, లేకుంటే పో. ఉన్నదల్లా ఏడాదికి 20 రోజుల అర్ధ జీతపు సెలవు. అది సర్వీసులో లెక్కకొస్తుంది కాబట్టి ఒళ్లు బాగలేనివాళ్లు ముందు దాన్నే వాడుకుంటారు. ఆర్జిత సెలవు 300 రోజుల దాకా నగదు చేసుకోవచ్చు, దాన్ని ముట్టుకోరు. జీతం లేని సెలవు పెడితే ఇంక్రిమెంటు వెనక్కి జరుగుతుంది, మెడికల్ సర్టిఫికెట్ మీదైతే మినహాయింపు దొరకొచ్చు. ఈ లెక్కలన్నీ తమరి వెనక పేజీల్లో ఉండాలి. సెలవు ఖాతాలో చివరి నిల్వ ఎప్పటిదో చూసుకున్నారా?

1-9-2004 నుంచి చేరిన సీపీఎస్ (జీతంలోంచి చందా కట్టే కొత్త పెన్షన్) పిల్లల బాధ వేరు. వాళ్లు ముందుగా పోతే కూడిన సొమ్ములో సాధారణంగా కనీసం 80 శాతం యాన్యుటీకే, అంటే నెలనెలా ఇచ్చే పెన్షన్ కొనడానికే పోతుంది. వాళ్లకు తమరికంటే పెద్ద శత్రువున్నాడు, కాబట్టి తమరిని వదిలేస్తున్నారు.

ఏందప్పా ఇది? ఏడాదికొక్క వాక్యం! పే బిల్లు ముందరే ఉంది, సీలు ముందరే ఉంది, ఆఫీసరు పక్క గదిలోనే ఉన్నాడు. మూడు నిమిషాల పని. బదిలీ అయితే ఎల్పీసీ (చివరి జీతపు సర్టిఫికెట్)తో పాటు ఆ ముక్క రాసి పంపితే సరిపోయేది. పాత కడప హెడ్ క్లర్కులు ఎండాకాలంలో ఫ్యాను లేకున్నా ముత్యాలట్లా రాసినారు, తేదీ, సంతకం, సీలు అన్నీ వేసినారు. 1990ల పేజీలు చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. తమరిని ఈ-ఎస్ఆర్‌గా (ఎలక్ట్రానిక్ సర్వీసు రిజిస్టరుగా) కంప్యూటరులో ఎక్కిస్తే పాత ఖాళీలన్నీ చక్కగా స్కానై ఎక్కినాయి, అంతకుమించి ఏమీ ఎక్కలేదు.

అట్లని తమరిని తగలబెట్టమని అడగలేం. పుట్టిన తేదీ, వేలిముద్ర, నామినీ పేరు అన్నీ తమరి దగ్గరే ఉన్నాయి, ఇంకెవరి దగ్గరా లేవు. అందుకే ‘తమరు’ అంటున్నాం.

ఇట్లు,
ఇంకా నోటీసివ్వని ఒక విధేయుడు

జతపరచినవి: డూప్లికేట్ ఎస్ఆర్ ఒకటి (అటెస్టేషన్ లేనిది), జీపీఎఫ్ స్లిప్పు నకలు ఒకటి, రసీదు అడిగితే ‘ఇన్‌వార్డు నంబరు రేపు ఇస్తాం’ అన్న మాట ఒకటి.