లిఫ్టు లేవదు, డీలరు ఫోనెత్తడు

ఫోనులో ఒక కుర్రాడు చిన్న ట్రాక్టర్లకు మార్కులు వేస్తున్నాడు. వెనకాల కాలవ నిండా నీళ్ళు పారుతున్నాయి గనక ఆయనది మన అనంతపురం జిల్లా కాదని వెంటనే తెలిసిపోతుంది. మహీంద్రా జీవో 245 అయితే 24 హార్స్‌పవర్, రెండు సిలిండర్లు. కుబోటా బి2441 అయితే అదే 24, కానీ మూడు సిలిండర్లు. స్వరాజ్ 717 అయితే 15 హార్స్‌పవర్, ఒకటే సిలిండరు. డీజిలుకు ఇన్ని స్టార్లు, సీటుకు ఇన్ని, రంగుకు కూడా ఇన్ని. చివర్లో 'నమ్మకం' అనే గడిలో నాలుగున్నర స్టార్లు పడేసి, గంట గుర్తు నొక్కమని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ కోసేసిన అర స్టారు ఎవరిదో చెప్పలేదు. చెప్పకపోయినా మనకు తెలుసు, డీలరుది. నన్నడిగితే మిగతా నాలుగు కూడా ఆయన చేతిలోనే ఉంటాయి.

మన రచ్చకట్టల మీద ట్రాక్టర్ల వాదన వినడం ఒక యోగం. మహీంద్రా వర్గం ఒక అరుగు మీద, స్వరాజ్ వర్గం ఎదురరుగు మీద. "మీ బండికి మిట్ట ఎక్కే దమ్ముందా?" అని వీళ్ళు, "మీ బండి తాగే డీజిలుకు రెండెకరాలు అమ్ముకోవల్ల" అని వాళ్ళు. స్వరాజ్‌ను 2007లోనే మహీంద్రా కొనేసిందనీ, రెండు వర్గాల డబ్బూ చివరికి ఒకే గల్లాపెట్టెలో పడుతోందనీ ఎవరైనా చెబితే ఇరువర్గాలూ ఏకమై ఆ చెప్పినవాణ్ణి తరుముతాయి. మాసీ, ఐషర్ వాళ్ళదీ ఇదే కథ, 2005 నుంచి రెండూ టాఫే అనే ఒకే కంపెనీ కొట్లోవే. ఎస్కార్ట్స్ కంపెనీ బండి ఫార్మ్‌ట్రాక్ వాళ్ళు కుబోటా వాళ్ళను చూసి మూతి తిప్పుకునేవాళ్ళు, 2022 నుంచి ఎస్కార్ట్స్ కుబోటా అని అదీ ఒకే బోర్డయింది. కక్ష కట్టడానికి అవతల శత్రువు కూడా మిగల్లేదు, పాపం.

ఇంజన్ల మాటకొస్తే ఇవాళ మరీ పనికిమాలిన బండి ఏదీ రావడం లేదు. ఎర్రదుమ్ముకు ఎయిర్ ఫిల్టరు పూడుకుపోవడం, రేడియేటరు జాలీలో చెత్త ఇరుక్కుని బండి కాగిపోవడం ఏ రంగు బండికైనా ఉన్నవే. రోజూ దులుపుకుంటే సరిపోతుంది. గేరుబాక్సూ, వెనక పనిముట్టును ఎత్తి దించే లిఫ్టూ ఒకే ఆయిలు మీద నడిచే బండికి ఆ ఆయిలు వేళకు మార్చకపోతే జపాను ఇంజినీరు దిగొచ్చినా కాపాడలేడు. ఆ ఆయిలు, ఆ ఫిల్టరు, ఆ సీలు అడిగిన రోజు దొరుకుతాయా లేదా అన్న దగ్గరే అసలు తేడా.

ఆ తేడా డెలివరీ రోజు కనబడదు. ఆ రోజు వేరు. షోరూము ముందు షామియానా. బండికి బంతిపూల మాల, బానెట్ మీద పసుపూ కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. రైతును 'సార్' అంటారు, ఆయన ఆ సారు ఎవరా అని వెనక్కి తిరిగి చూస్తాడు. శాలువా కప్పుతారు. ఇద్దరు కుర్రాళ్ళు లోపలినుంచి ఆరడుగుల అట్ట తాళంచెవి మోసుకొస్తారు. మేనేజరు ఒక కొస, రైతు ఒక కొస పట్టుకోవాలి. రైతు భార్యను కూడా పిలుస్తారు. ఆమె కొంగు సర్దుకుని మధ్యలో నిలబడితే తాళంచెవి సరిగ్గా ఆమె మొహానికి అడ్డం వస్తుంది. "అమ్మా, కొంచెం నవ్వల్ల" అంటాడు ఫొటోలు తీసేవాడు, కనబడని మొహంతో. ఇంతలో ఫైనాన్సు కంపెనీ మనిషి పక్కనుంచి దూరతాడు. అక్కడున్న నవ్వుల్లో మనస్ఫూర్తిగా వచ్చింది ఆయనదొక్కటే. గుమ్మడికాయ పగులుతుంది. అప్పుడు బండి ఎక్కబోతే అసలు తాళంచెవి కనబడదు. అందరూ జేబులు తడుముకుంటారు, చివరికి అది పూజ పళ్ళెంలో అరటిపండ్ల కింద దొరుకుతుంది. శాలువా మాత్రం ఫొటో అయిన వెంటనే మడిచి లోపల పెట్టేస్తారు, పదకొండు గంటలకు ఇంకో డెలివరీ ఉంది. వెనకాల 'రైతే రాజు' అని ఫ్లెక్సీ. దాని పక్కన, 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగిందని ఇంకో ఫ్లెక్సీ. తగ్గించింది ప్రభుత్వం, ఫ్లెక్సీలో దండం పెడుతున్నది డీలరు. తగ్గినదాంట్లో కొంత బంపరని, కొంత హుక్కని, కొంత 'రిజిస్ట్రేషను ఖర్చు' అని వెనక్కి పోతుంది లెండి.

విడిభాగాల కిటికీ షోరూము వెనక, మరుగుదొడ్డి పక్కన ఉంటుంది. దానికి షామియానా వేయరు.

మా పక్క తోటాయన చిన్న ట్రాక్టరుకు జూన్‌లో లిఫ్టు పట్టు వదిలేసింది. చీనీ (బత్తాయి) చెట్ల సాళ్ళ మధ్య రొటావేటరు నేలలోకి దిగబడి లేవనంటే లేవనంది. లిఫ్టు పిస్టను మీది రబ్బరు రింగు అరిగిందన్నాడు మెకానిక్కు. గాజంత ఉంటుంది, ఖరీదు రెండు కాఫీలకు మించదు. ఆయనతో పాటు కిటికీ దగ్గరికి నేనూ పోయాను.

"లేదన్నా. ఇండెంటు పెట్టినాము."

"ఎప్పుడొస్తాది?"

"వచ్చేస్తాది లేన్నా."

"అదే, ఎప్పుడప్పా?"

"డిపో నుంచి రావల్ల. నెంబరు రాసిపోండి, మేమే ఫోన్ చేస్తాము."

"పెద్ద బండిది పట్టదా?"

"సైజు వేరేన్నా. చిన్న బండ్లు తక్కువ పోతాయి గదా, వాటి సామాన్లు పెట్టుకోము."

"మరి బండి అమ్మేటప్పుడు ఈ మాట చెప్పలేదే?"

"అది సేల్సన్నా. మాది స్పేర్సు."

ఒకే కప్పు కింద సేల్సు వేరు, స్పేర్సు వేరు. ఇంత ద్వైతం మంత్రాలయంలో కూడా బోధించరు.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలు అనుకునే జిల్లా ఇది. జూన్‌లోనో జులైలోనో ఒక మంచి వాన పడితే ఎర్రనేలలో పదును నిలిచేది రెండు మూడు రోజులు. ఆ పదునులోనే దున్నాలి, గొర్రు తోలాలి, శెనక్కాయ విత్తనం పడాలి. తప్పిందా, మళ్ళీ మబ్బుల వైపు చూస్తూ కూర్చోవడమే. ఆ తోటాయన నాలుగెకరాల చేను ఆ వారం ఊరకే ఆరిపోయింది. బాడిగ ట్రాక్టరు కోసం ఊరంతా అదే రోజు ఎగబడుతుంది, దొరకలేదు. అప్పు చేసి తెచ్చిన విత్తనం ఇంట్లో మూటల్లోనే ఉంది. దాని మీద బండికి ఆరునెలల కంతు. కంతు ఒక్క రోజు దాటితే, అట్ట తాళంచెవి పక్కన నవ్విన మనిషే ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కదలని బండిని చూపిస్తే "అది డీలరుతో మాట్లాడుకోండి" అంటాడు. డీలరు ఫోనెత్తడు. అప్పు తీర్చలేక మనుషులు ప్రాణాలు తీసుకున్న ఊళ్ళయ్యా ఇవి! ఇక్కడ వానల ముందు ఒక రబ్బరు రింగు అరలో పెట్టుకోకపోవడాన్ని నిర్లక్ష్యం అంటే చాలదు. 'తక్కువ పోతాయి' అంటున్న ఈ నోళ్ళే మార్చిలో ఇల్లిల్లూ తిరిగి 'చిన్న రైతుకు చిన్న బండి' అని అమ్ముకున్నాయి. ఫొటోకు శాలువా కప్పడానికి మనుషులుంటారు, డిపోకు పోయి రింగు తేవడానికి మాత్రం మనిషి ఉండడు. సిగ్గుండాలి.

సరే. కోపంతో పని కాదు, ప్రభుత్వానికి ఒక సవినయ ప్రతిపాదన చేస్తాను. ట్రాక్టర్లను పరీక్షించడానికి మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర సంస్థ ఉంది. దక్షిణాదికి వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ మన గార్లదిన్నెలోనే ఉంది, ఆ చోటి పేరే ట్రాక్టర్ నగర్. రొటావేటరును తిప్పే పీటీఓ ఇరుసు దగ్గర శక్తి ఎంత, గంటకు డీజిలు ఎంత, లిఫ్టు ఎన్ని కిలోలు ఎత్తుతుంది, బ్రేకు తొక్కితే ఎంత దూరంలో ఆగుతుంది, అన్నీ బుద్నీ నివేదికల్లో ఉంటాయి. డీలరుకు మాత్రం ఒక్క పేజీ లేదు. కాబట్టి డీలర్లను కూడా వరసగా గార్లదిన్నెకు తోలండి. ముందు బ్రేకు పరీక్ష: మొదటి విడత డబ్బు కట్టించుకున్నాక 'అన్నా' అన్న పిలుపు ఎంత దూరంలో ఆగిపోతుందో టేపు పెట్టి కొలవాలి. తర్వాత లోడు పరీక్ష: తొలివాన పడిన తెల్లారి ఇరవై మంది రైతుల చేత ఒకేసారి ఫోన్ చేయించి, స్విచ్చాఫ్ అయ్యేలోగా ఎన్ని మోతలు మోగిందో రాసుకోవాలి. 50 గంటల తొలి సర్వీసుకు బండి తెచ్చినప్పుడు జాబ్ కార్డులో టిక్కు పెట్టిన పనులెన్నో, చేసినవెన్నో కూడా చూడాలి. లోపలికి తడి దిగుతుందా అనే పరీక్ష మాత్రం అక్కర్లేదు. రైతు కంటి నీళ్ళు చుక్క కూడా దిగడం లేదని ఎప్పుడో తేలిపోయింది.

మంచి డీలర్లు లేరని కాదు. ఆదివారం పూట సీలు జేబులో వేసుకుని మోటరుసైకిలు మీద చేలోకే వచ్చే మెకానిక్కులు ఈ జిల్లాలోనే ఉన్నారు. వాళ్ళ దగ్గర కొన్న రైతును సిలిండర్లెన్ని అని అడగండి, గుర్తు కూడా ఉండదు. రెండో బండి మళ్ళీ అక్కడే కొంటాడు.

గార్లదిన్నె వాళ్ళు ఒప్పుకునేదాకా ఈ పరీక్ష మనమే పెట్టుకోవాలి. బండి చూడటానికి పోతే ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. ఆ కాఫీ పట్టుకుని నేరుగా వెనక కిటికీ దగ్గరికి నడవండి. కొనబోయే మోడలుకే లిఫ్టు రింగులు, ముందు ఇరుసు సీలు, క్లచ్ ప్లేటు, ఆయిల్ ఫిల్టరు అడగండి. మాటలు వద్దు, బల్ల మీద పెట్టమనండి. "ఇండెంటు పెడతామన్నా" అన్నాడా, బండి ఎంత ముద్దొచ్చినా లేచి వచ్చేయండి. కాఫీ మాత్రం తాగేసి రండి, దాని ఖరీదు ఎవరో ఒక రైతు హుక్కు బిల్లులో ఎప్పుడో కట్టేశాడు.