పెట్రోల్‌లో నానబెడితే ఆక్సిజన్ సెన్సర్ బాగవుతుందా?

పాత కారులో చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ఇలా చేయమని ఒక చిట్కా ఫోన్లలో తెగ తిరుగుతోంది. ఇంజిన్‌ను బాగా కాగనిచ్చి ఆక్సిజన్ సెన్సర్‌ను (ఎగ్జాస్ట్ గొట్టంలో ఉండి, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది) వేడి మీదే ఊడదీయాలట. రాత్రంతా పెట్రోల్‌లో నానబెట్టి, వైర్ బ్రష్‌తో రుద్ది, మరలకు గ్రీజు పూసి బిగిస్తే కొత్తదానిలా పనిచేస్తుందట. వైరు తెగితే టంకం వేసుకోవచ్చట, కొత్తది కొనాలంటే నాలుగు వైర్లున్నది ఏదైనా చాలట. ఇందులో ఒక మాట సగం నిజం. మిగతావన్నీ సెన్సర్‌ను చంపే పనులే.

"నానబెట్టి రుద్దితే బాగవుతుంది"

మసి పోతుంది, జబ్బు పోదు. ఎక్కువగా వాడే జిర్కోనియా (ఒక రకం పింగాణీ) సెన్సర్ దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాటాకే పని మొదలుపెడుతుంది. మిక్స్చర్ (గాలి, పెట్రోల్ కలిసిన పాళ్లు) సరిగా ఉంటే నడుస్తున్న బండిలో ఆ వేడికే మసి చాలావరకు కాలిపోతుంది. నల్లగా పేరుకుపోయిందంటే మిక్స్చర్ రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువగా ఉందన్నమాట. ఇంజెక్టర్ కారుతోందా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా చూడాలి. మొన తెల్లగా సున్నం కొట్టినట్టుంటే సిలికాన్ తగిలి ఉండొచ్చు, ఎక్కువగా సెన్సర్‌కు పడని గాస్కెట్ సీలంట్ వల్ల. అది కాలి గాజులాంటి పొరగా మారి రంధ్రాలు మూసేస్తుంది. పెట్రోల్ ఆ పొరను కరిగించలేదు. సిలిండర్‌లోకి కూలెంట్ కారినా తెల్లటి మరక వస్తుంది. ఆయిల్ మండుతుంటే గోధుమరంగు బూడిద పడుతుంది. ఆ కారణం అలాగే ఉంటే కొత్త సెన్సర్‌కూ అదే గతి.

ఇక వైర్ బ్రష్. పైకి కనిపించేది చిల్లులున్న లోహపు తొడుగు మాత్రమే. పనిచేసే పింగాణీ దాని లోపల ఉంటుంది, బ్రష్ అక్కడిదాకా వెళ్లదు. పైగా సెన్సర్ తన లోపలి వైపున్న బయటి గాలితో పొగను పోల్చి వోల్టేజి పుట్టిస్తుంది. పెట్రోల్ అటు చేరితే ఆ పోలికే తప్పుతుంది.

అసలు సెన్సర్ చెడిందో లేదో ముందు తేల్చుకోవాలి. ఇంజిన్ కాగాక, క్యాటలిటిక్ కన్వర్టర్‌కు (పొగను శుద్ధి చేసే డబ్బా) ముందున్న సెన్సర్ సిగ్నల్ వైరు మీద మల్టీమీటర్ పెడితే 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య అటూఇటూ ఊగుతూ ఉండాలి. కిందే నిలిచిపోతే ఎగ్జాస్ట్ లీకు, వాక్యూమ్ లీకు (ఇంజిన్‌లోకి దొంగదారిన గాలి చొరబడటం) చూడకుండా సెన్సర్ మీద నేరం మోపొద్దు. స్కానర్ చూపే లోపం కోడ్ పీ0135 అయితే అది సెన్సర్‌ను వేడెక్కించే హీటర్ సర్క్యూట్ గొడవ, ముందు ఫ్యూజు చూడండి. తరువాత కనెక్టర్ విప్పి, సెన్సర్ వైపు ఒకే రంగులో ఉన్న రెండు వైర్ల మధ్య రెసిస్టెన్స్ కొలవండి (చాలా వాటిలో హీటర్ వైర్లు అవే). కొన్ని ఓమ్‌లు చూపితే హీటర్ తెగలేదు. ఓపెన్ చూపితే తెగింది. తెగిన తీగను పెట్రోల్ అతికించదు కదా.

"వేడి మీదే ఊడదీయాలి"

సగం నిజమన్నది ఇదే. గోరువెచ్చగా ఉంటే మేలు, కాగిపోతూ ఉంటే చేటు. కాగిన గొట్టం మీద తుప్పు వదిలించే ఆయిల్ చల్లితే అంటుకోవచ్చు, బలవంతంగా తిప్పితే మర సెన్సర్‌తో పాటు చీలి రావచ్చు. ముందు రోజే చల్లగా ఉన్నప్పుడు ఆ ఆయిల్ వేసి నాననివ్వండి. మర్నాడు ఇంజిన్ రెండు మూడు నిమిషాలు నడిపి ఆపండి. కనెక్టర్ విప్పాక, వైరు దూరడానికి పక్కన గాటు ఉన్న 22 మిల్లీమీటర్ల సాకెట్ పెట్టండి. రాకపోతే కొంచెం బిగించి, మళ్లీ వదులు చేస్తూ ముందుకీ వెనక్కీ ఆడించండి. ఎలాగూ పారేసే సెన్సరే అయితే వైరు కోసేసి మామూలు ఆరు మూలల సాకెట్ వాడండి, గాటు సాకెట్‌లా నోరు తెరుచుకోదు. ఊడాక గొట్టంలోని మరను ఎం18×1.5 చేజర్‌తో (మరను శుభ్రం చేసే పనిముట్టు) శుభ్రం చేయాలి.

"మరలకు గ్రీజు"

మామూలు గ్రీజు కాలి మొనకు అంటుకుంటుంది. కొత్త సెన్సర్లు చాలావరకు మర మీద పూతతోనే వస్తాయి. లేకపోతే సెన్సర్‌కు పనికొచ్చే యాంటీసీజ్ (మర పట్టేయకుండా పూసే పేస్టు) పల్చగా, మర మీద మాత్రమే పూయాలి. బిగింపు చాలా బండ్లకు 40-50 న్యూటన్ మీటర్లు, మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఖాయం. ఇంపాక్ట్ గన్ వద్దు, పింగాణీ పగులుతుంది. చేజారి నేల మీద పడినదాన్ని కూడా నమ్మొద్దు.

"టంకం వేసుకోవచ్చు"

చాలా సెన్సర్లకు పోల్చుకునే గాలి వైరు పోగుల సందుల్లోంచే అందుతుంది. టంకం ఆ దారి మూసేస్తుంది. అతకక తప్పకపోతే క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి), పైన నీరు చొరని తొడుగు వేయాలి.

"నాలుగు వైర్లుంటే చాలు"

కొన్ని టయోటా కార్లలోని ఎయిర్-ఫ్యూయల్ సెన్సర్‌కూ నాలుగే వైర్లు, కానీ అది పనిచేసే తీరే వేరు. టైటానియా రకం వోల్టేజి పుట్టించదు, దాని రెసిస్టెన్స్ మారుతుంది. వైర్లు లెక్కపెట్టి కాదు, పార్ట్ నంబర్ చూసి కొనాలి. బిగించాక వైరు ఎగ్జాస్ట్ గొట్టానికి తగలకుండా పాత క్లిప్పులోనే పెట్టండి, స్కానర్‌తో కోడ్ చెరిపి బండి నడపండి. పీ0135 మళ్లీ వస్తే వెతకాల్సింది ఇక కొత్త సెన్సర్‌లో కాదు, కనెక్టర్‌కు వచ్చే కరెంటులో.